పొయ్యి మీద నిలవని ఘాటు

హార్స్‌రాడిష్‌ను మీరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. మీ రక్తానికి మాత్రం దానితో పరిచయం ఉండే అవకాశం ఎక్కువ. డెంగ్యూ అనుమానంతో ల్యాబుకు ఇచ్చిన నమూనాకో, రక్తదానం చేసినప్పుడు పక్కన తీసుకున్న చిన్న ట్యూబుకో ఎలైసా పరీక్ష జరిగి ఉంటే, 96 గుంతల ఆ ప్లాస్టిక్ పలకలో రంగు పుట్టించేది చాలా కిట్లలో ఒకే ఎంజైము. దాని పేరు హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్. వెతుకుతున్న యాంటీబాడీ నమూనాలో ఉంటే ఈ ఎంజైము అక్కడ చిక్కుకుంటుంది. లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. చిక్కుకున్న చోట రంగులేని ద్రావణం నీలంగా మారుతుంది. ఆమ్లం పడగానే పసుపుపచ్చనవుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలిచి చెబుతుంది. ఇంత పని చేసే ఆ ఎంజైము, యూరప్ వాళ్లు మాంసం పక్కన తురుముకుని తినే ఒక వేరులోంచి వచ్చింది.

ల్యాబులో అంత అవసరమైన ఆ వేరు మన వంటింటి గడప తొక్కలేదు. తొక్కాల్సిన అవసరమూ రాలేదు. దాని ఘాటు ఏ అణువు వల్ల వస్తుందో ఆ అణువు మన పోపులపెట్టెలో ఎప్పటినుంచో ఉంది. ఆవాల రూపంలో.

మొక్క శాస్త్రీయ నామం ఆర్మొరేసియా రస్టికానా. ఆవ, ముల్లంగి, క్యాబేజీల కుటుంబం. పుట్టిల్లు ఆగ్నేయ యూరప్, పశ్చిమాసియా. పైన మూరెడు పొడవు ఆకులు, కింద మట్టికొట్టుకుపోయిన ముల్లంగిలా లోతుగా దిగిన వేరు. తొక్క తీస్తే లోపల తెల్లగా, పీచుపీచుగా, కొయ్యంత గట్టిగా ఉంటుంది. పేరులో గుర్రం ఉంది కదా అని గుర్రాలకు పెట్టకూడదు, వాటికి పడదు. వెనకటి ఇంగ్లిష్‌లో మొక్క పేరు ముందు గుర్రాన్ని తగిలిస్తే పెద్దది, మోటుది అని అర్థం. మనవాళ్లు పెద్ద పల్లేరును ఏనుగుపల్లేరు అన్నట్టే. 1597లో జాన్ జెరార్డ్ అచ్చువేసిన మూలికల గ్రంథంలోనే ఈ పేరు కనిపిస్తుంది. రష్యన్లు దీన్ని హ్రేన్ అంటారు, ఆస్ట్రియా, బవేరియాల్లో క్రేన్, మిగతా జర్మనీలో మేర్‌రెట్టిష్. గుర్రపుముల్లంగి అని తెలుగు చేసుకుంటే నవ్వొస్తుంది కాబట్టి మనం హార్స్‌రాడిష్ అనే అనుకుందాం.

కారం వేరు, ఘాటు వేరు

మిరపకాయ కొరికినా, ఆవ తిన్నా, టీ పొగలు కక్కుతున్నా ఇంగ్లిష్ వాళ్లకు ఒకటే మాట, హాట్. మనకు ఆ ఇబ్బంది లేదు. మిరపది కారం, ఆవది ఘాటు. కారం నాలుకను పట్టుకుంటుంది. ఘాటు నసాళానికి అంటుతుంది. మన భాష గీసిన ఈ గీత, శరీరశాస్త్రం గీసిన గీత మీద సరిగ్గా కూర్చుంటుంది.

మిరపలోని క్యాప్సైసిన్ బరువైన అణువు. గాలిలోకి అంత సులువుగా లేవదు, నీళ్లలో కరగదు. నాలుక మీద మకాం వేసి పావుగంట దాకా కదలదు. చెంబెడు నీళ్లు తాగినా తగ్గని మంట, పెరుగో నెయ్యో తగిలితే తగ్గేది అందుకే. హార్స్‌రాడిష్‌లోది వేరే రకం. దాని పేరు అలైల్ ఐసోథయోసైనేట్. ఆవాల ఘాటుకూ ఇదే కారణం, పేరు నోరు తిరగదు, కాబట్టి ఇక్కడినుంచి ఆవ అణువు అందాం. అది చిన్నది, తేలికైనది. నోట్లో పడీపడగానే ఆవిరై గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, నడినెత్తి అదురుతుంది, నిమిషం తిరక్కుండా అంతా సర్దుకుంటుంది. నాలుక మీద ఏమీ మిగలదు. ఘాటు మరీ ఎక్కువైనప్పుడు ముక్కుతో గాలి పీల్చి నోటితో వదలండి. నోట్లోని ఆవిరి ముక్కులోకి పోకుండా బయటికి పోతుంది. నీళ్ల గ్లాసు వెతుక్కోవడం కంటే ఇది మేలు.

రెండింటికీ శరీరంలో వేర్వేరు గుమ్మాలున్నాయి. మిరప కారాన్నీ, ఒళ్లు కాలే వేడినీ పసిగట్టే నాడీ గ్రాహకాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆవ అణువు తట్టే గుమ్మం వేరొకటని 2004లో అదే బృందం చూపించింది. దాని పేరు ట్రిప్‌ఎ1. ముద్దుగా వసాబీ గ్రాహకం అంటారు. 2021లో జూలియస్‌కు, మరో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి నోబెల్ వచ్చింది. ఈ రెండో గుమ్మం చాలామందికి తెరుచుకుంటుంది. పచ్చి వెల్లుల్లి ఘాటు, పొయ్యి పొగ, పోలీసుల బాష్పవాయువు, అన్నీ అక్కడే తలుపు తడతాయి. అంటే రోట్లో ఆవ నూరుతూ కళ్లు తుడుచుకునే మనిషికీ, ఊరేగింపులో బాష్పవాయువు తగిలిన మనిషికీ నరాల దగ్గర జరుగుతున్నది ఇంచుమించు ఒకటే.

జపాన్ వాళ్లు ఇంకాస్త ముందుకు పోయారు. నిద్రపోతున్న మనిషిని లేపాలంటే గాలిలో ఈ ఘాటు ఎంత ఉండాలో కొలిచి, చెవులు వినపడనివాళ్ల కోసం అగ్నిప్రమాద హెచ్చరిక పరికరం తయారుచేశారు. 2011లో వాళ్లకు ఇగ్‌నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఆ ఏడాది న్యాయంగానే ఇచ్చారు.

వేరులో ఘాటు లేదు

అసలు సంగతి ఇక్కడుంది. నేలలోంచి తవ్వి కడిగిన హార్స్‌రాడిష్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన తప్ప ఏమీ రాదు. ఘాటు వేరులో దాక్కుని లేదు. దానికి కావలసిన సరుకు మాత్రం ఉంది. సినిగ్రిన్ అనే చేదు పదార్థం ఒక అరలో, దాన్ని చీల్చే మైరోసినేజ్ అనే ఎంజైము వేరొక అరలో, ఉప్పూ నిప్పూ దూరంగా పెట్టినట్టు. పురుగు కొరికితేనో, కత్తి తగిలితేనో గోడలు కూలి రెండూ కలుస్తాయి. ఎంజైము సినిగ్రిన్‌లోంచి గ్లూకోజు ముక్కను తెంచుతుంది. మిగిలినది నిలకడ లేక విడిపోయి ఆవ అణువుగా మారుతుంది. సినిగ్రిన్ అన్న పేరే నల్ల ఆవాల పాత లాటిన్ పేరులోంచి పుట్టింది. హార్స్‌రాడిష్‌లో సీ విటమిన్ కూడా ఉంటుంది, అది ఎంజైము చేతికి ఊతమిస్తుంది. తురుము పీట మీద మూడు నాలుగు రాపిళ్లు పడేసరికి గదిలో అందరికీ తెలిసిపోవడం అందుకే.

మొక్కకు ఇది వంట కోసం కాదు, ప్రాణరక్షణ కోసం. అయినా దీన్ని వమ్ము చేసే పురుగులున్నాయి. క్యాబేజీ రైతులను ఏడిపించే డైమండ్‌బ్యాక్ పురుగు, ఎంజైము వచ్చి చీల్చేలోపే ఆ సరుకును పనికిరాకుండా చేసుకుని హాయిగా ఆకులు మేస్తుంది.

మా మేనత్త కందాబచ్చలి కూరకు ఆవ నూరేది. ఆవిడ చెప్పే షరతులు నాలుగు. ఆవాలు ముందుగా నానాలి. నూరేటప్పుడు చన్నీళ్లే చిలకరించాలి. నూరిన ముద్దను కాసేపు మూతపెట్టి వదిలెయ్యాలి. కూర దించి, ఆవిరి తగ్గాకే కలపాలి. హార్స్‌రాడిష్ గురించి నేను చదివినదంతా ఈ నాలుగు మాటల్లో ఇమిడిపోయింది. తడి లేకపోతే ఎంజైము కదలదు, పొడి ఆవపిండికి ఘాటు వాసన అంతగా లేకపోవడం అందుకే. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. 60, 70 డిగ్రీలు దాటితే దానికి నూకలు చెల్లినట్టే. మూత పెట్టి ఉంచిన ఆ కాసేపట్లో ఆవ అణువు పోగవుతుంది. పొగలు కక్కే కూరలో కలిపితే పోగైనదంతా గాలిపాలు.

పోపులో జరిగేది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. కాగిన నూనెలో పడిన ఆవగింజలోని ఎంజైము, గింజ చిటపటమనేలోపే చచ్చిపోతుంది. సినిగ్రిన్, ఎంజైము కలిసే అవకాశమే ఉండదు. అందుకే పోపు ఆవాలు పంటికింద పడితే కమ్మగా ఉంటాయి తప్ప ముక్కుకు ఎక్కవు. ఒకే గింజతో రెండు రుచులు చేయడం మన వంటలో రోజూ జరిగే పనే గానీ, చాలా దేశాల వాళ్లకు ఇది వింత.

హార్స్‌రాడిష్‌కు మరో నియమం పులుపు. తురిమిన వేరును ఊరికే వదిలేస్తే ఘాటు కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత దిగజారుతుంది. కొంత ఆవిరైపోతుంది, కొంత నీటితో కలిసి విడిపోయి వెల్లుల్లి లాంటి పాచివాసన మిగులుస్తుంది. వెనిగరో నిమ్మరసమో పడితే ఎంజైము పని ఆగిపోతుంది, అప్పటిదాకా తయారైన ఘాటు నిలబడుతుంది. కాబట్టి వెనిగర్ వేసే క్షణమే ఘాటు కొలబద్ద. తురిమిన వెంటనే వేస్తే సౌమ్యం. మూడు నిమిషాలు ఆగి వేస్తే నసాళం. ఆవముద్దను నేరుగా చింతపండు పులుసులో నూరకుండా, ముందు నీళ్లతో నూరి తర్వాత పులిహోరలో కలిపే పద్ధతి వెనక ఉన్నదీ ఈ లెక్కే.

ఎవరి వంటింట్లో ఎలా

ఈ లెక్క తెలిశాక యూరప్ వంటలను చూస్తే, ప్రతి దేశం ఈ క్షణభంగుర ఘాటును తనకు తోచినట్టు పట్టుకోవడానికి ప్రయత్నించిందని అర్థమవుతుంది.

మనకు అందరికంటే దగ్గరగా వచ్చినవాళ్లు రష్యన్లు. సైబీరియా, ఉరల్ ప్రాంతాల్లో హ్రెనోవినా అని ఒకటి చేస్తారు. పచ్చి టమాటాలు అంటే కాయలు కాదు, ఉడకబెట్టని ఎర్రటి పళ్లు. కిలో టమాటాలకు 50 నుంచి 100 గ్రాముల హార్స్‌రాడిష్, అంతే వెల్లుల్లి, ఉప్పు. అన్నీ కలిపి రుబ్బి సీసాకెత్తడమే. పొయ్యి వెలిగించే పనే లేదు. వర్ణన వింటే రోటిపచ్చడి కాదని ఎవరంటారు? దాని ముద్దుపేర్లలో ఒకదానికి అర్థం ‘గొంతు చీల్చేది’. ఆవకాయకు మనం పెట్టుకోని పేరు. టమాటాలో సహజంగా ఉన్న పులుపు వెనిగర్ పని చేస్తుంది, వెల్లుల్లీ హార్స్‌రాడిష్ రెండూ సూక్ష్మజీవులను అదుపులో పెడతాయి. దాన్ని మాంసం ముద్దల సూపులో, కుడుముల్లాంటి పెల్మెనీల పక్కన వేసుకుంటారు. వేడి అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుందో రష్యన్లను అడిగి లాభం లేదు, మనమే చూడాలి.

అక్కడి పల్లెల్లో ఆకునూ వదలరు. దోసకాయలు ఉప్పునీటిలో ఊరబెట్టే జాడీలో హార్స్‌రాడిష్ ఆకు ఒకటి పరుస్తారు. ఆకులోని వగరు పదార్థాలు కాయలను మెత్తబడనివ్వవని వాళ్ల నమ్మకం. వగరుకు అలాంటి గుణం ఉంది కూడా.

పోలండ్‌లో ఉడికించిన బీట్‌రూట్ తురుములో హార్స్‌రాడిష్ తురుము కలుపుతారు, ఈస్టర్ భోజనంలో అది తప్పనిసరి. తీపి మీద ఘాటు పడితే రెండూ తేలతాయి. ఆస్ట్రియాలో పుల్లటి యాపిల్‌ను, హార్స్‌రాడిష్‌ను కలిపి తురిమి నిమ్మరసం పిండి, ఉడికించిన మాంసం పక్కన పెడతారు. ఇంగ్లండ్‌లో మీగడలో కలిపిన హార్స్‌రాడిష్ లేకుండా ఆదివారం రోస్ట్ బీఫ్ పళ్లెం పూర్తి కాదు. మీగడ ఎందుకంటే, ఆవ అణువు కొవ్వులో ఇష్టంగా కరుగుతుంది. కరిగింది గాలిలోకి నెమ్మదిగా వస్తుంది. ముక్కు మీద దెబ్బ మెత్తబడుతుంది. మన ఆవ పెట్టిన పెరుగుపచ్చడిలో పెరుగు చేసే ఉపకారంలో ఒక భాగం ఇదే.

దక్షిణ ఇటలీలో బాసిలికాటా అనే పేద ప్రాంతం ఈ నియమాలన్నిటినీ తోసిపుచ్చింది. గుడ్లు, ఉడికించిన బంగాళాదుంప, గొర్రెపాల చీజు, వాటిలో బోలెడు హార్స్‌రాడిష్ తురుము వేసి మందపాటి అట్టు పోస్తారు. పేరు రఫనాటా. వేడికి ఘాటు చాలావరకు పోతుంది, తియ్యటి, టర్నిప్ లాంటి రుచి మిగులుతుంది. అంత వేస్తారు కాబట్టే ఆ మిగిలినది కూడా తెలుస్తుంది. అక్కడివాళ్లు ఈ వేరును పేదవాడి ట్రఫుల్ అంటారు. ట్రఫుల్ అంటే చాలా ఖరీదైన పుట్టగొడుగు.

యూదుల కథ వేరు. ఈజిప్టులో తమ పూర్వులు పడిన బానిసత్వాన్ని గుర్తు చేసుకునే పస్కా పండుగ రాత్రి చేదు మూలిక ఒకటి తినాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వులా అనుకోండి. పాత గ్రంథాలు చెప్పిన చేదు ఆకుకూరలు తూర్పు యూరప్ చలిలో ఆ వేళకు మొలిచేవి కావు. నేలలో నిరుటి నుంచి నిలిచి ఉన్నది హార్స్‌రాడిష్ వేరు. అది నిజానికి చేదు కాదు, ఘాటు. కష్టాన్ని గుర్తు చేసే మాట మాత్రం కంటినిండా నీళ్లతో నెరవేరుతుంది. ఆ అలవాటు వలసలతో అమెరికా చేరింది.

అమెరికాలో ఈ వేరు చుట్టూ రెండు సంగతులున్నాయి. 1869లో పెన్సిల్వేనియాలోని షార్ప్స్‌బర్గ్‌లో హెన్రీ జాన్ హైన్జ్ మొదట అమ్మిన సరుకు కెచప్ కాదు, తురిమిన హార్స్‌రాడిష్. ఆ రోజుల్లో అమ్మకందారులు టర్నిప్ తురుము కల్తీ చేసి, అది కనబడకుండా రంగు సీసాల్లో నింపేవారు. ఆయన రంగులేని గాజుసీసాలో నింపి, చూసి కొనుక్కోండన్నాడు. ఆ మొదటి వ్యాపారం 1875లో దివాలా తీసింది. కెచప్ కథ ఆ తర్వాతిది. రెండోది ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్, సెయింట్ లూయిస్ నగరానికి దగ్గరే. మిసిసిపీ ఒండ్రుమట్టిలో జర్మన్ వలసదారులు ఈ పంట వేశారు. ప్రపంచ హార్స్‌రాడిష్ రాజధాని అని ఆ ఊరు తనకు తాను బిరుదు ఇచ్చుకుంది. 1988లో మొదలైన అక్కడి పండుగలో వేళ్లు విసిరే పోటీ కూడా ఉంది. సెయింట్ లూయిస్ తెలుగువాళ్లు ఎవరైనా వెళ్లి ఉంటే ఆ ఊళ్లో తాజా వేరు దొరుకుతుందని తెలిసే ఉంటుంది. బవేరియా, ఆస్ట్రియాలోని స్టిరియా వేళ్లకైతే మన బనగానపల్లె మామిడికి ఉన్నట్టు భౌగోళిక గుర్తింపు ఉంది.

మనకు తెలియకుండా తిన్నది

హైదరాబాద్‌లో సుషీ తిన్నవాళ్లకు హార్స్‌రాడిష్ కొత్త కాదు, పేరే తెలియదు. అసలైన వసాబీ జపాన్ కొండవాగుల పక్కన చల్లటి పారేనీటిలో ఏడాదిన్నర, రెండేళ్లు పెరగాలి, తురిమిన పావుగంటలో సగం బలం పోతుంది, ధర చెప్పక్కర్లేదు. అందుకని ప్రపంచంలో ఎక్కువచోట్ల పళ్లెం మూలన పెట్టే ఆ ఆకుపచ్చ ముద్ద హార్స్‌రాడిష్, ఆవపిండి, ఆకుపచ్చ రంగు. జపాన్ వాళ్లు హార్స్‌రాడిష్‌ను ‘పశ్చిమ వసాబీ’ అనే అంటారు. ట్యూబు వెనక అక్షరాలు చదవండి, తెలిసిపోతుంది. మోసమని నేననను. అణువు అదే.

మునగది ఇంకా ఆసక్తికరం. ఇంగ్లిష్‌లో మునగకు డ్రమ్‌స్టిక్ ఒక్కటే పేరు కాదు, హార్స్‌రాడిష్ చెట్టు అని మరొకటుంది. మన దేశంలో కాపురమున్న ఇంగ్లిష్ దొరలకు రోస్ట్ పక్కన నంజుకోవడానికి హార్స్‌రాడిష్ దొరక్క, వంటవాళ్లు మునగ వేరు తురిమి పెట్టేవారు. లేత మునగ మొక్క ఒకటి పీకి వేరు విరిచి వాసన చూడండి, దొరలు ఎందుకు సరిపెట్టుకున్నారో అర్థమవుతుంది. ఇది కాకతాళీయం కాదు. మునగ, ఆవ దూరపు చుట్టాలు, వృక్షశాస్త్రం రెంటినీ ఒకే క్రమంలో చేర్చింది. బొప్పాయి కూడా అందులోదే. పండిన బొప్పాయి గింజ ఒకటి నమిలితే మీ నోరే సాక్ష్యం చెబుతుంది. గట్ల మీద మొలిచే వామింట, కుక్కవామింట కూడా ఆ బంధువర్గమే. ఆకు నలిపితే ఆవ వాసన. వాసన చూడడం వరకే సుమా: మునగ వేరు బెరడులో విషపు ఆల్కలాయిడ్లున్నాయి, గర్భిణులకు మరీ ప్రమాదం. దొరలు తిన్నారని మనం తినక్కర్లేదు.

మన సుగంధ ద్రవ్యాల బోర్డు జాబితాలో ఉన్న 52 సరుకుల్లో మిరప, పసుపు, మిరియాలతో పాటు హార్స్‌రాడిష్ పేరూ ఉంది. పంట మాత్రం మన మైదానాలకు నప్పదు. చలికాలంలో ఆకు రాలి, వేరు నిద్రపోయే చల్లటి చోట్లు కావాలి. అలాంటి దేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లు పెరట్లో వేసుకోవచ్చు, విత్తనం అక్కర్లేదు, వేలెడు వేరుముక్క చాలు. కాకపోతే పెద్ద కుండీలో వేయండి. నేలలో నాటితే, తవ్వినప్పుడు మిగిలిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. తుంగతో పోరాడినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మన వంటలో ఎక్కడ

ఆవ ఎక్కడ పచ్చిగా పడుతుందో అక్కడ హార్స్‌రాడిష్ పడుతుంది. ఇది తప్ప వేరే సూత్రం అక్కర్లేదు. పెరుగుపచ్చడి మొదటి మెట్టు. ఉడికించి తురిమిన బీట్‌రూట్‌ను గట్టి పెరుగులో కలిపి, చెంచా హార్స్‌రాడిష్, ఉప్పు వేసి, పోపు చల్లారాక పెట్టండి. పోలండ్ రుచి మన పళ్లెంలోకి వస్తుంది, ఎవరికీ పరాయిగా అనిపించదు. కీరదోసకూ అంతే బాగుంటుంది. మెదిపిన బంగాళాదుంపలో వెన్నతో పాటు కలిపితే కూర చప్పదనం పోతుంది. ఉడికిన గుడ్డు పచ్చసొనలో మెదిపి కూరితే పిల్లలు కాదు గానీ పెద్దలు రెండోది అడుగుతారు. వేయించిన చేపకూ, రొయ్యకూ నిమ్మచెక్క బదులు పెరుగులో కలిపిన హార్స్‌రాడిష్ పెట్టి చూడండి. కొవ్వునూ నీచునూ ఈ ఘాటు కోసేస్తుంది. పనసపొట్టు కూరలో, పులిహోరలో ఆవముద్దకు బదులు వాడొచ్చా అంటే వాడొచ్చు. నా ఓటు మాత్రం ఆవకే. ఆవముద్దలోని జిగట, గింజ రుచి ఈ వేరుకు లేవు. పీచు పంటికి తగులుతుంది.

పప్పుచారులో, పులుసులో, ఉడికే ఏ కూరలోనూ వేయకండి. డబ్బు దండగ. సాంబారులో వేసి ‘ఏమీ తెలియలేదే’ అన్నవాళ్లను చూశాను.

హార్స్‌రాడిష్ దొరకనివాళ్లు తెల్లముల్లంగి తురుమును గట్టిగా పిండి, చన్నీళ్లతో నూరి పది నిమిషాలుంచిన ఆవముద్ద, రెండు చుక్కల నిమ్మరసం కలిపితే చాలా దగ్గరికి వస్తుంది. నూరేవి నల్ల ఆవాలు కావాలి. విదేశాల్లో దొరికే పసుపు ఆవాల్లో సినిగ్రిన్ బదులు దాని తోబుట్టువు ఉంటుంది. దాని ఘాటు గాలిలోకి లేవదు, నాలుక దాటి ముక్కుకు చేరదు.

ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పను. సీ విటమిన్ ఉంది, కానీ చెంచాడు తినే పదార్థంలో ఏది ఎంత ఉన్నా లెక్కకు రాదు. ముక్కు దిబ్బడ ఆ నిమిషానికి వదిలినట్టనిపిస్తుంది. కడుపులో పుండున్నవాళ్లు, పసిపిల్లలు దూరంగా ఉండాలి.

ఇక తయారీ. గట్టిగా, బరువుగా, పచ్చదనం తేలని వేరు కొనండి. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారాలు ఉంటుంది, గడ్డకట్టిన వేరునైతే నేరుగా తురుముకోవచ్చు. కావలసినంత ముక్క కోసి, తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, రెండు చెంచాల చన్నీళ్లతో మిక్సీ పట్టండి. గడియారం చూసి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగండి. తర్వాత కప్పు తురుముకు రెండు మూడు పెద్ద చెంచాల వెనిగర్, పావు చెంచా ఉప్పు కలిపి గాజుసీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. నెల రోజుల్లో వాడెయ్యాలి. రంగు గోధుమకు తిరిగిందంటే ఘాటు పోయినట్టే. వంటింటి కిటికీలు ముందే తెరిచి ఉంచండి. ఆ మూడు నిమిషాలూ గిన్నె లోపల పోగైన ఆవిరి బయటికి వచ్చే దారి ఒక్కటే, కాబట్టి మిక్సీ మూత తీసేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకోండి.